రివర్స్ ప్రాక్సీ వెనక లాగిన్ అవ్వట్లేదా? ఎక్కడ తెగిందో పట్టుకునే పద్ధతి

యాప్‌ని నేరుగా 8000 పోర్టు మీద తెరిస్తే చక్కగా లాగిన్ అవుతుంది. దాని ముందు ఇంజిన్‌ఎక్స్ (బ్రౌజర్ రిక్వెస్ట్‌లను అందుకుని వెనకున్న యాప్‌కి చేరవేసే రివర్స్ ప్రాక్సీ) పెట్టి, డొమైన్ తగిలించి, హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ వేశాక అదే యూజర్‌నేమ్, అదే పాస్‌వర్డ్ కొడితే పేజీ మారినట్టే మారి మళ్లీ లాగిన్ ఫారమ్ దగ్గరికే వచ్చి ఆగుతుంది. పాస్‌వర్డ్ తప్పు అని కూడా అనదు. ఇక్కడ పాస్‌వర్డ్ రీసెట్లు మొదలుపెడితే సాయంత్రం దాకా అదే పని. చాలాసార్లు పాస్‌వర్డ్ సరిపోయే ఉంటుంది, యాప్ లోపలికి రానిచ్చే ఉంటుంది. ఆ సంగతి బ్రౌజర్‌కి చేరలేదు, లేదా చేరినా తర్వాతి రిక్వెస్ట్‌లో వెనక్కి రాలేదు.

బ్రౌజర్ ఇంజిన్‌ఎక్స్‌తో మీ డొమైన్ పేరు మీద, హెచ్‌టీటీపీఎస్‌లో మాట్లాడుతుంది. ఇంజిన్‌ఎక్స్ మాత్రం వెనకున్న యాప్‌తో 127.0.0.1 పేరు మీద, మామూలు హెచ్‌టీటీపీలో మాట్లాడుతుంది. ఈ మార్పిడిలో మూడు సంగతులు జారిపోతాయి: ఏ పేరుతో వచ్చారు, ఏ స్కీమ్‌లో (హెచ్‌టీటీపీనా, హెచ్‌టీటీపీఎస్సా) వచ్చారు, ఏ ఐపీ నుంచి వచ్చారు. కుకీ, రీడైరెక్ట్, సీఎస్‌ఆర్‌ఎఫ్ తనిఖీ (ఫారమ్ మన సైట్ నుంచే వచ్చిందా అని చూసేది), గూగుల్ లాగిన్ కాల్‌బ్యాక్ (లాగిన్ అయ్యాక గూగుల్ మనల్ని తిరిగి పంపే అడ్రస్) అన్నీ వీటి మీదే ఆధారపడతాయి.

ఈ గైడ్‌లో ఉదాహరణగా తీసుకున్నది ఉబుంటు సర్వర్, ముందు ఇంజిన్‌ఎక్స్, వెనక గునికార్న్ (పైథాన్ యాప్‌లను నడిపే సర్వర్) మీద జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్). వేరే యాప్ అయినా వెతికే వరుస ఇదే, సెట్టింగ్ పేర్లే మారతాయి. ఇంకో మాట: కమాండ్లు, డైరెక్టివ్‌లు (ఇంజిన్‌ఎక్స్ ఫైల్లో రాసే సెట్టింగ్‌లు) ఇక్కడ పలికే తీరులో తెలుగులో ఇచ్చాం. ఫైల్లో ఎప్పటిలాగే ఇంగ్లిష్ అక్షరాల్లో, అండర్‌స్కోర్లతో సహా టైపు చేయండి.

1. బ్రౌజర్‌లో ఆ ఒక్క పోస్ట్‌ని చూడండి

ఇన్‌కాగ్నిటో విండో తెరవండి. పాత కుకీలు ఉంటే చూసేదంతా తప్పుదారి పట్టిస్తుంది. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌లో ‘ప్రిజర్వ్ లాగ్’ టిక్ పెట్టండి. ఇది మరిచిపోతే రీడైరెక్ట్ కాగానే మీకు కావలసిన లైనే మాయమవుతుంది. ఇప్పుడు లాగిన్ కొట్టి, లిస్టులో పోస్ట్ రిక్వెస్ట్‌ని పట్టుకోండి. దాని స్టేటస్ ఎంత? రెస్పాన్స్‌లో సెట్-కుకీ ఉందా? లొకేషన్ హెడర్‌లో ఏ అడ్రస్ ఉంది? ఆ వెంటనే వచ్చిన గెట్ రిక్వెస్ట్‌లో కుకీ వెళ్లిందా?

302 వచ్చి, సెట్-కుకీ కూడా వచ్చి, తర్వాతి గెట్‌లో ఆ కుకీ లేకపోతే బ్రౌజర్ దాన్ని పుచ్చుకోలేదన్నమాట. క్రోమ్‌లో ఆ కుకీ పక్కన పసుపు త్రిభుజం కనిపిస్తుంది, మౌస్ పెడితే ఎందుకు తిరస్కరించిందో చెబుతుంది. 302 వచ్చినా సెట్-కుకీ అసలు లేకపోతే యాపే ఇవ్వలేదు, లేదా మధ్యలో ఎవరో తీసేశారు. 403 అయితే ఎక్కువగా సీఎస్‌ఆర్‌ఎఫ్ గొడవ. 200 వచ్చి ఫారమ్ మళ్లీ కనబడితే, అప్పుడు నిజంగానే పాస్‌వర్డ్‌నో యూజర్ ఖాతానో అనుమానించవచ్చు.

పోస్ట్‌కి 301 వచ్చి, వెంటనే అదే అడ్రస్‌కి గెట్ వెళ్లడం ఇంకో రకం. 301, 302 వస్తే బ్రౌజర్లు పోస్ట్‌ని గెట్‌గా మార్చేస్తాయి, మీరు కొట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అక్కడే రాలిపోతాయి. ఫారమ్ యాక్షన్‌లో హెచ్‌టీటీపీ అడ్రస్ పూర్తిగా రాసి ఉన్నప్పుడు, లేదా అడ్రస్ చివర స్లాష్ లేనప్పుడు ఇలా జరుగుతుంది. 308 పెడితే పోస్ట్ పోస్ట్‌గానే ఉంటుంది గానీ, అప్పటికే పాస్‌వర్డ్ ఒకసారి హెచ్‌టీటీపీలో తెరిచిపెట్టిన ఉత్తరంలా వెళ్లిపోయింది. కాబట్టి ఫారమ్‌లోని అడ్రస్‌నే సరిచేయండి.

2. ఎర్రర్ ఇచ్చింది ప్రాక్సీయా, యాపా?

ఇది తేలకుండా కాన్ఫిగ్‌లో చెయ్యి పెట్టొద్దు. ఇంజిన్‌ఎక్స్ మామూలు యాక్సెస్ లాగ్‌లో స్టేటస్ ఒక్కటే ఉంటుంది. లాగ్_ఫార్మాట్‌లో $అప్‌స్ట్రీమ్_స్టేటస్, $అప్‌స్ట్రీమ్_యాడర్ కూడా చేర్చండి (అప్‌స్ట్రీమ్ అంటే వెనకున్న యాప్). స్టేటస్ 401 ఉండి అప్‌స్ట్రీమ్ స్టేటస్ దగ్గర గీత మాత్రమే ఉంటే ఆ రిక్వెస్ట్ యాప్ దాకా వెళ్లనే లేదు, ఇంజిన్‌ఎక్స్ గుమ్మంలోనే ఆపింది. రెండు చోట్లా 401 అయితే అది యాప్ ఇచ్చిన జవాబే.

తర్వాత ప్రాక్సీని పక్కన పెట్టి, సర్వర్ మీద నుంచే కర్ల్‌తో యాప్‌ని నేరుగా అడగండి. ఊరికే అడిగితే చాలదు. ‘-హెచ్’ ఆప్షన్‌తో హోస్ట్ హెడర్‌లో మీ డొమైన్‌నీ, ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్‌లో హెచ్‌టీటీపీఎస్ అనీ పంపండి, అంటే ప్రాక్సీ పంపాల్సినదాన్ని మీరే పంపుతున్నారు. ఇలా అడిగితే సరిగ్గా పలికి, ప్రాక్సీ ద్వారా పలకకపోతే తప్పు ఇంజిన్‌ఎక్స్ ఫైల్లో ఉంది. ఇలా అడిగినా పలకకపోతే యాప్ ఆ హెడర్లను నమ్మట్లేదు.

502 వస్తే ఎర్రర్ లాగ్ చివరి లైను చదివితే చాలు. రెడ్‌హ్యాట్ కుటుంబంలోని సర్వర్లలో ‘13: పర్మిషన్ డినైడ్’ అని ఉంటే ఎస్‌ఈలైనక్స్ (ఏ ప్రోగ్రామ్ ఏం చేయవచ్చో కట్టడి చేసే రక్షణ వ్యవస్థ) అడ్డం పడుతోంది. ‘సెట్‌సెబూల్ -పీ హెచ్‌టీటీపీడీ_క్యాన్_నెట్‌వర్క్_కనెక్ట్ 1’ కొట్టండి, అందులో -పీ పెద్ద అక్షరం.

3. యాప్‌కి అసలు ఏం చేరుతోందో కళ్లారా చూడండి

ఊహించడం కన్నా ఇది నయం, పది నిమిషాల పని. సైట్ వాడకం లేని వేళ చూసుకుని, లాగిన్ పేజీ ముందే బ్రౌజర్‌లో తెరిచి ఉంచండి. సర్వర్‌లో, ఆ పోర్టుకి వచ్చేదంతా తెర మీద చూపించే ‘ఎన్‌సీ -ఎల్ 9000’ కొట్టండి (కొన్ని వెర్షన్లలో ‘ఎన్‌సీ -ఎల్ -పీ 9000’). ప్రాక్సీ_పాస్‌లోని 8000ని 9000గా మార్చి, ‘ఇంజిన్‌ఎక్స్ -టీ’తో సరిచూసి, రీలోడ్ చేయండి. ఇప్పుడు బ్రౌజర్‌లో ఏదో ఒక ఉత్తుత్తి పాస్‌వర్డ్‌తో లాగిన్ కొట్టండి. ఉత్తుత్తిది ఎందుకంటే అది టెర్మినల్ మీద తేటతెల్లంగా కనబడుతుంది. హెడర్లేవీ సెట్ చేయని ఇంజిన్‌ఎక్స్ అయితే తెర మీద ఇలాంటివి పడతాయి:

హోస్ట్: 127.0.0.1:9000
కనెక్షన్: క్లోజ్
ఆరిజిన్: హెచ్‌టీటీపీఎస్://పోర్టల్.ఉదాహరణ.ఇన్
కుకీ: సీఎస్‌ఆర్‌ఎఫ్‌టోకెన్=…

మొదటి లైనూ మూడో లైనూ పక్కపక్కన పెట్టి చూడండి. బ్రౌజర్ తాను పోర్టల్ పేజీ నుంచి వచ్చానంటోంది. ప్రాక్సీ ఏమో ఇది 127.0.0.1 కోసం వచ్చిన రిక్వెస్ట్ అంటోంది. ప్రాక్సీ రాసిన లైన్లలో హెచ్‌టీటీపీఎస్ అన్న మాటే లేదు. ఇవి పొంతన కుదరకే యాప్ తలుపు వేస్తోంది. జవాబిచ్చేవాళ్లు లేరు కాబట్టి బ్రౌజర్ ఓ నిమిషం తిరిగి 504 చూపిస్తుంది. ప్రాక్సీ_రీడ్_టైమౌట్ డిఫాల్ట్ 60 సెకన్లు, కంగారు అక్కర్లేదు. చూడటం అయ్యాక పోర్టుని తిరిగి 8000 చేయడం మరిచిపోకండి.

4. నాలుగు హెడర్లు, వాటి చుట్టూ ఉన్న గోతులు

లొకేషన్ బ్లాక్‌లో ప్రాక్సీ_సెట్_హెడర్‌తో ఈ నాలుగూ పంపాలి:

ప్రాక్సీ_సెట్_హెడర్ హోస్ట్ $హోస్ట్;
ప్రాక్సీ_సెట్_హెడర్ ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో $స్కీమ్;
ప్రాక్సీ_సెట్_హెడర్ ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ $ప్రాక్సీ_యాడ్_ఎక్స్_ఫార్వర్డెడ్_ఫర్;
ప్రాక్సీ_సెట్_హెడర్ ఎక్స్-రియల్-ఐపీ $రిమోట్_యాడర్;

బయట 443 కాకుండా 8443 లాంటి పోర్టు వాడుతుంటే $హోస్ట్ పనికిరాదు, అందులో పోర్టు నంబర్ ఉండదు. $హెచ్‌టీటీపీ_హోస్ట్ వాడండి.

వీటిని రాసి కూడా చాలామంది పడే గొయ్యి వారసత్వం. ఈ నాలుగూ సర్వర్ బ్లాక్‌లో రాసి, కింద లొకేషన్ బ్లాక్‌లో వెబ్‌సాకెట్ కోసమనో మరొకందుకో ఇంకో ప్రాక్సీ_సెట్_హెడర్ ఒక్కటి చేర్చారనుకోండి. పైన రాసిన నాలుగూ ఆ లొకేషన్‌కి వర్తించవు. పైవాటికి కిందది కలవదు, కిందది ఒక్కటున్నా పైవన్నీ పోతాయి. ‘నిన్నటిదాకా బాగానే ఉంది, ఒక్క లైనే చేర్చాం’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఇదే. నాలుగింటినీ వేరే ఫైల్లో రాసి, ప్రతి లొకేషన్‌లోనూ ఇన్‌క్లూడ్ చేయడం మేలు. ఇంజిన్‌ఎక్స్ చదివే కాన్ఫిగ్ మొత్తం చూడాలంటే ‘ఇంజిన్‌ఎక్స్ -టీ’లో టీని పెద్ద అక్షరంగా కొట్టండి, ఇన్‌క్లూడ్ అయిన ఫైళ్లన్నీ కలిపి చూపిస్తుంది.

హోస్ట్ సెట్ చేయకుండా అప్‌స్ట్రీమ్ బ్లాక్‌కి ‘మై_యాప్’ అని అండర్‌స్కోర్ పేరు పెడితే ఆ పేరే హోస్ట్‌గా వెళుతుంది. డొమైన్ పేర్లలో అండర్‌స్కోర్ చెల్లదు కాబట్టి జాంగో 400 కొడుతుంది. అండర్‌స్కోర్‌తోనే ఇంకో చిక్కు: బ్రౌజర్ గానీ మొబైల్ యాప్ గానీ ‘ఆథ్_టోకెన్’ లాంటి పేరుతో హెడర్ పంపితే ఇంజిన్‌ఎక్స్ దాన్ని చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. అండర్‌స్కోర్స్_ఇన్_హెడర్స్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేయడం కన్నా హెడర్ పేరులో హైఫన్ పెట్టడమే మంచిది.

ఇంజిన్‌ఎక్స్ ముందు క్లౌడ్‌ఫ్లేరో, క్లౌడ్ లోడ్ బ్యాలెన్సరో ఉండి, అక్కడే హెచ్‌టీటీపీఎస్ ముగిసిపోతే $స్కీమ్ విలువ హెచ్‌టీటీపీ అవుతుంది. అప్పుడు ముందున్నవాళ్లు పంపిన ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటోనే వెనకున్న యాప్‌కి అందించాలి. క్లౌడ్‌ఫ్లేర్‌లో ఎన్‌క్రిప్షన్ ‘ఫ్లెక్సిబుల్’లో ఉండి, మీ ఇంజిన్‌ఎక్స్ హెచ్‌టీటీపీని హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లిస్తుంటే పేజీ గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. మందు ‘ఫుల్ స్ట్రిక్ట్’. ఫ్లెక్సిబుల్‌ని అసలు వాడకండి.

5. యాప్ ఆ హెడర్లను నమ్మాలి

ప్రాక్సీ పంపినంత మాత్రాన యాప్ వినదు. వినకూడదు కూడా. లేకపోతే ఎవరైనా ఆ హెడర్‌ని చేత్తో రాసి పంపగలరు.

జాంగోలో సెక్యూర్_ప్రాక్సీ_ఎస్‌ఎస్‌ఎల్_హెడర్ సెట్టింగ్‌కి ‘హెచ్‌టీటీపీ_ఎక్స్_ఫార్వర్డెడ్_ప్రోటో’, ‘హెచ్‌టీటీపీఎస్’ అనే జంట ఇవ్వాలి. అలోడ్_హోస్ట్స్‌లో మీ డొమైన్ ఉండాలి. సెక్యూర్_ప్రాక్సీ_ఎస్‌ఎస్‌ఎల్_హెడర్ లేకుండానే ఒకే మెషీన్ మీద అన్నీ పనిచేసి, డాకర్‌లోకి మార్చగానే లాగిన్ పోయిందని చాలామంది తల పట్టుకుంటారు. కారణం గునికార్న్. 127.0.0.1 నుంచి వచ్చిన ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటోని అది తనంతట తానే నమ్మి, ఇది హెచ్‌టీటీపీఎస్ అని జాంగోకి చెబుతుంది. డాకర్‌లో ఇంజిన్‌ఎక్స్ కంటెయినర్ ఐపీ వేరు కాబట్టి నమ్మడం మానేస్తుంది. అన్నాళ్లూ అరువు మీద నడిచిందన్నమాట. జాంగో సెట్టింగ్ రాయండి, లేదా గునికార్న్ ఫార్వర్డెడ్_అలో_ఐపీస్‌లో ప్రాక్సీ ఐపీ చేర్చండి.

డాకర్ అన్నాం కాబట్టి: పోర్టుల దగ్గర 8000:8000 అని రాస్తే ఆ పోర్టు బయటి ప్రపంచానికంతా తెరుచుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ నియమాలను దాటుకుని మరీ. అప్పుడు ఎవరైనా ప్రాక్సీతో పనిలేకుండా తమకు నచ్చిన హెడర్లతో యాప్ దగ్గరికి నేరుగా రాగలరు. 127.0.0.1:8000:8000 అని రాయండి.

ఎక్స్‌ప్రెస్ వాడేవాళ్లకి ‘ట్రస్ట్ ప్రాక్సీ’ విలువ 1 ఇవ్వడం తప్పనిసరి. ఎక్స్‌ప్రెస్-సెషన్‌లో కుకీ సెక్యూర్ ట్రూ ఉంటే, కనెక్షన్ హెచ్‌టీటీపీఎస్ కాదని అనుకున్నప్పుడు అది కుకీనే పంపదు. మొదటి మెట్టులో చెప్పిన ‘302 వచ్చింది, సెట్-కుకీ లేదు’ అన్నది చాలావరకు ఇదే. స్ప్రింగ్ బూట్‌లో సర్వర్.ఫార్వర్డ్-హెడర్స్-స్ట్రాటజీకి ‘ఫ్రేమ్‌వర్క్’ ఇవ్వండి. కీక్లోక్‌లో ప్రాక్సీ-హెడర్స్‌కి ‘ఎక్స్‌ఫార్వర్డెడ్’ ఇవ్వాలి. పాత గైడ్లలో కనిపించే ‘ప్రాక్సీ=ఎడ్జ్’ని 24వ వెర్షన్‌తోనే పక్కన పెట్టేశారు. గ్రఫానా ‘ఆరిజిన్ నాట్ అలోడ్’ అంటే హోస్ట్ హెడర్ చేరలేదని అర్థం, రూట్_యూఆర్ఎల్ కూడా చూసుకోండి. నెక్స్ట్‌క్లౌడ్‌లో వెబ్ లాగిన్ అయి, డెస్క్‌టాప్ యాప్ మాత్రం ‘గ్రాంట్ యాక్సెస్’ దగ్గర వేలాడుతుంటే ఓవర్‌రైట్‌ప్రోటోకాల్‌కి హెచ్‌టీటీపీఎస్ ఇచ్చి, ట్రస్టెడ్_ప్రాక్సీస్‌లో ప్రాక్సీ ఐపీ రాయండి.

6. సీఎస్‌ఆర్‌ఎఫ్ 403

జాంగో 4.0 నుంచి పోస్ట్‌లో వచ్చిన ఆరిజిన్ హెడర్‌ని తాను అనుకుంటున్న స్కీమ్, హోస్ట్‌తో పోల్చి చూస్తుంది. తాను హెచ్‌టీటీపీలో ఉన్నానని యాప్, హెచ్‌టీటీపీఎస్‌లో ఉన్నానని బ్రౌజర్ అనుకుంటే ‘ఆరిజిన్ చెకింగ్ ఫెయిల్డ్’ అని వస్తుంది. నెట్‌లో వెతికితే ముందు దొరికే సలహా సీఎస్‌ఆర్‌ఎఫ్_ట్రస్టెడ్_ఆరిజిన్స్‌లో డొమైన్ చేర్చమని. చేరిస్తే 403 పోతుంది, నిజమే. కానీ యాప్ ఇంకా హెచ్‌టీటీపీలోనే ఉన్నాననుకుంటోంది. వారం తర్వాత గూగుల్ లాగిన్ పెట్టినప్పుడు కాల్‌బ్యాక్ అడ్రస్‌ని హెచ్‌టీటీపీతో తయారుచేసి పంపుతుంది, గూగుల్ ‘రీడైరెక్ట్_యూఆర్ఐ_మిస్‌మ్యాచ్’ అని 400 చూపిస్తుంది. ఒకే జబ్బు రెండోసారి వేరే పేరుతో వస్తుంది. అందుకే ముందు 4, 5 మెట్లు సరిచేయండి. ఆ తర్వాత కూడా అవసరమైతేనే, అంటే ఫారమ్ నిజంగా వేరే సబ్‌డొమైన్ నుంచి వస్తుంటేనే, ఆ సెట్టింగ్ వాడండి. 4.0 నుంచి అందులో ముందు స్కీమ్ కూడా రాయాలి, ఉట్టి డొమైన్ చెల్లదు.

7. కుకీ వచ్చింది కానీ నిలవట్లేదు

యాప్ లోపల ‘/యాప్/’ కింద నడుస్తూ, బయట ‘/పోర్టల్/’ కింద కనబడుతుంటే కుకీ పాత్ ‘/యాప్/’ అనే ఉంటుంది. బ్రౌజర్ ‘/పోర్టల్/’కి దాన్ని పంపదు. ప్రాక్సీ_కుకీ_పాత్ డైరెక్టివ్‌తో మొదటిదాన్ని రెండోదిగా మార్చండి. కుకీ డొమైన్‌లో లోపలి పేరు వస్తుంటే ప్రాక్సీ_కుకీ_డొమైన్ ఉంది.

ఒకే సర్వర్ మీద రెండు జాంగో యాప్‌లు నడిపేవాళ్లకి వింత అనుభవం ఎదురవుతుంది: ఒకదాంట్లో లాగిన్ అయితే రెండోది లాగౌట్ అవుతుంది. కుకీకి పోర్టుతో పనిలేదు. 8001, 8002 అని వేరుచేసినా డొమైన్ ఒకటే కాబట్టి రెండూ ‘సెషన్‌ఐడీ’ అనే ఒకే కుకీని ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి. సెషన్_కుకీ_నేమ్ వేరువేరుగా పెట్టండి.

గూగుల్, మైక్రోసాఫ్ట్ లాంటి బయటి ఖాతాలతో లాగిన్ అయ్యి తిరిగొచ్చేటప్పుడు ‘స్టేట్ మిస్‌మ్యాచ్’, డాట్‌నెట్ యాప్‌లో ‘కోరిలేషన్ ఫెయిల్డ్’ అని వస్తే సేమ్‌సైట్ (వేరే సైట్ నుంచి వచ్చే రిక్వెస్ట్‌లతో కుకీని పంపాలా వద్దా అని చెప్పే గుర్తు) చూడండి. 2020 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 80 నుంచి, సేమ్‌సైట్ చెప్పని కుకీని ‘ల్యాక్స్’గా లెక్కేస్తున్నారు. వేరే సైట్ నుంచి పోస్ట్‌గా తిరిగొచ్చినప్పుడు ల్యాక్స్ కుకీ వెళ్లదు. ఆ ఒక్క కుకీకి ‘నన్’ పెట్టాలి, దాంతోపాటు సెక్యూర్ కూడా ఉండాలి. సెక్యూర్ లేని ‘నన్’ని బ్రౌజర్ పారేస్తుంది.

8. బేసిక్ ఆథ్, ఆథ్_రిక్వెస్ట్

ఇంజిన్‌ఎక్స్‌లో ఆథ్_బేసిక్ (బ్రౌజర్ పాపప్‌లో పాస్‌వర్డ్ అడిగేది) పెట్టి, వెనక యాప్ బేరర్ టోకెన్ వాడితే రెండూ ఒకే ఆథరైజేషన్ హెడర్ కోసం కొట్టుకుంటాయి. బేసిక్ పాస్‌వర్డ్ యాప్ దాకా వెళ్లి, టోకెన్ కాదని యాప్ 401 ఇస్తుంది, బ్రౌజర్ పాపప్ మళ్లీ మళ్లీ లేస్తుంది. యాప్ సెషన్ కుకీతో నడిచేదైతే ఆ హెడర్‌ని ఖాళీ కోట్స్‌తో సెట్ చేస్తే చాలు, యాప్‌కి వెళ్లదు. టోకెన్‌తో నడిచే ఏపీఐ అయితే ఆ దారికి ఆథ్_బేసిక్ ఆఫ్ చేయడం తప్ప మార్గం లేదు.

పాస్‌వర్డ్ ఫైల్ లేకపోతే ఇంజిన్‌ఎక్స్ 403 ఇస్తుంది. ఫైల్ ఉండి, చదివే పర్మిషన్ లేకపోతే 500. పాత లైనక్స్ మీద బీక్రిప్ట్ హ్యాష్ వాడినా 500 వస్తుంది, ఎర్రర్ లాగ్‌లో ‘క్రిప్ట్_ఆర్ ఫెయిల్డ్’ అని ఉంటుంది. ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పాస్‌డబ్ల్యూడీ -ఏపీఆర్1’తో హ్యాష్ తయారుచేసుకుంటే ఈ బెడద ఉండదు.

ఆథీలియా, ఓఆథ్2-ప్రాక్సీ లాంటి విడి లాగిన్ సర్వర్లు పెట్టుకున్నవాళ్లు ఒక నియమం గుర్తుంచుకోవాలి. ఆథ్_రిక్వెస్ట్ (లోపలికి రానివ్వాలా అని ముందు వేరే సర్వర్‌ని అడిగే డైరెక్టివ్) అడిగిన చోట 2తో మొదలయ్యే స్టేటస్ వస్తే లోపలికి, 401 లేదా 403 వస్తే బయటికి. ఇంకేం వచ్చినా ఇంజిన్‌ఎక్స్ 500 అంటుంది. లాగిన్ పేజీకి మళ్లించే 302 ఇచ్చే అడ్రస్‌ని పొరపాటున ఆథ్_రిక్వెస్ట్‌కి ఇస్తే ఎర్రర్ లాగ్‌లో ‘ఆథ్ రిక్వెస్ట్ అన్‌ఎక్స్‌పెక్టెడ్ స్టేటస్: 302’ అని పడుతుంది. ఓఆథ్2-ప్రాక్సీకి సరైన అడ్రస్ ‘/ఓఆథ్2/ఆథ్’, అది 202 గానీ 401 గానీ ఇస్తుంది. 401ని ఎర్రర్_పేజ్ డైరెక్టివ్‌తో లాగిన్ పేజీకి మళ్లించడం వేరే పని. ఆ తనిఖీ లొకేషన్‌లో ప్రాక్సీ_పాస్_రిక్వెస్ట్_బాడీ ఆఫ్ చేసి, కంటెంట్-లెంగ్త్‌ని ఖాళీ చేయండి. లేకపోతే ఆథ్ సర్వర్ రాని బాడీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

వెనక విండోస్ సర్వర్‌లో ఎన్‌టీఎల్‌ఎమ్ (విండోస్ పాత లాగిన్ పద్ధతి) ఉంటే ఉచిత ఇంజిన్‌ఎక్స్‌తో కుస్తీ పట్టకండి. ఎన్‌టీఎల్‌ఎమ్ ధ్రువీకరించేది రిక్వెస్ట్‌ని కాదు, టీసీపీ కనెక్షన్‌ని. దానికోసం ఉన్న డైరెక్టివ్ డబ్బు కట్టి కొనే వెర్షన్‌లోనే ఉంది. స్ట్రీమ్ మాడ్యూల్‌తో టీసీపీ స్థాయిలో పంపించండి, లేదా కెర్బరోస్ అనే వేరే లాగిన్ పద్ధతికి మారండి.

9. కొందరికి అవుతోంది, కొందరికి కావట్లేదు

ఎక్కువ గ్రూపుల్లో ఉన్నవాళ్లకే లాగిన్ కాగానే 502 వస్తుంటే హెడర్ పెద్దదై ఉంటుంది. వాళ్ల టోకెన్‌లో గ్రూపుల పేర్లన్నీ ఉండి, సెట్-కుకీ ఉబ్బిపోతుంది. ఎర్రర్ లాగ్‌లో ‘అప్‌స్ట్రీమ్ సెంట్ టూ బిగ్ హెడర్’ అని కనబడితే ప్రాక్సీ_బఫర్_సైజ్ 16కేకి పెంచండి, డిఫాల్ట్ 4కే లేదా 8కే. అదొక్కటే పెంచితే ఇంజిన్‌ఎక్స్ టెస్ట్‌లోనే ప్రాక్సీ_బిజీ_బఫర్స్_సైజ్ గురించి గొణిగే అవకాశం ఉంది. బిజీ సైజ్ దానంతటదే 32కే అవుతుంది, ఎనిమిది 4కే బఫర్లలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది 28కేయే. ప్రాక్సీ_బఫర్స్ 8 16కే అని కూడా రాస్తే సరిపోతుంది.

బ్రౌజర్ వైపు నుంచి కుకీలు పేరుకుపోతే 400తో ‘రిక్వెస్ట్ హెడర్ ఆర్ కుకీ టూ లార్జ్’ వస్తుంది. లార్జ్_క్లయింట్_హెడర్_బఫర్స్ డిఫాల్ట్ 4 8కే. 4 16కే చేయవచ్చు. కానీ అన్ని కుకీలు ఎందుకు పేరుకున్నాయో చూడటం అంతకన్నా ముఖ్యం. సెషన్‌ని రెడిస్‌లో (సర్వర్ వైపు ఉండే డేటా నిల్వ) పెట్టి, కుకీలో చిన్న ఐడీ మాత్రమే ఉంచితే ఈ రెండు గొడవలూ ఉండవు.

ఒకసారి అయ్యి, ఒకసారి కాకపోతే వెనక రెండు యాప్ సర్వర్లు ఉన్నాయేమో చూడండి. లాగిన్ ఒకదాని మెమరీలో, తర్వాతి రిక్వెస్ట్ ఇంకోదానికి. సీక్రెట్ కీ రెండింటిలో ఒకటే ఉండాలి, సెషన్ ఉమ్మడి చోట ఉండాలి. ఐపీ_హ్యాష్ (ఒక ఐపీని ఎప్పుడూ ఒకే సర్వర్‌కి పంపే డైరెక్టివ్) తాత్కాలిక ఊరటే. ఐపీవీ4లో అది మొదటి మూడు అంకెల గుంపులే చూస్తుంది, కాబట్టి ఒక ఆఫీసు మొత్తం ఒకే సర్వర్ మీద పడుతుంది.

అందరికీ ఒకేసారి లాక్ పడిందా? యాప్‌కి లాగిన్లన్నీ ప్రాక్సీ ఐపీ నుంచే వచ్చినట్టు కనబడుతున్నాయి. ఒకరు నాలుగుసార్లు తప్పు కొడితే ఆ ఐపీని బ్లాక్ చేసింది, అంటే అందరినీ. అపార్ట్‌మెంట్‌కి వచ్చినవాళ్లందరి పేరూ రిజిస్టర్‌లో వాచ్‌మన్ పేరే రాసినట్టు. యాప్‌లో ప్రాక్సీల సంఖ్య సరిగ్గా చెప్పండి. ఇంజిన్‌ఎక్స్ ముందు ఇంకో ప్రాక్సీ ఉంటే సెట్_రియల్_ఐపీ_ఫ్రమ్‌లో ఆ ఐపీలు మాత్రమే రాయండి. 0.0.0.0/0 (అంటే అన్ని ఐపీలూ) రాస్తే ఎవరైనా తమకు నచ్చిన ఐపీని తమదని చెప్పుకోవచ్చు. ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్‌ని ఎప్పుడూ కుడి నుంచి చదవాలి, ఎడమ చివర క్లయింటే రాసి పంపగలడు.

ఓటీపీ యాప్ కోడ్‌లు తప్పంటున్నా, టోకెన్ ‘ఇంకా చెల్లదు’ అంటున్నా ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ కొట్టండి. కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది, కెర్బరోస్ మామూలుగా 5 నిమిషాల తేడా దాకా ఓర్చుకుంటుంది. టైమ్‌జోన్ యూటీసీలో ఉండగా ఎవరో గడియారాన్ని చేత్తో మన టైముకి తిప్పితే సర్వర్ ఐదున్నర గంటలు ముందుకు పోతుంది. లాగ్ చూస్తే టైము సరిగ్గానే ఉన్నట్టు కనబడుతుంది, అదే మోసం. టైమ్‌జోన్‌ని ఏషియా/కోల్‌కతా చేసి, గడియారాన్ని ఎన్‌టీపీకి వదిలేయండి.

10. పని అయ్యాక

డీబగ్ ట్రూ పెట్టి ఉంటే ఫాల్స్ చేయండి. లాగ్ ఫార్మాట్‌లో కుకీ, ఆథరైజేషన్ హెడర్ల విలువలు చేర్చి ఉంటే తీసేసి, ఆ పాత లాగ్ ఫైళ్లను కూడా చెరిపేయండి. అందులో ఉన్న సెషన్ ఐడీ ఒక్కటి చాలు, పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రావచ్చు. ప్రాక్సీ_క్యాష్ వాడుతుంటే ప్రాక్సీ_ఇగ్నోర్_హెడర్స్‌లో సెట్-కుకీ లేదని చూసుకోండి. సెట్-కుకీ ఉన్న రెస్పాన్స్‌ని ఇంజిన్‌ఎక్స్ మామూలుగా దాచిపెట్టదు. ఆ లైను ఉంటే దాచిపెట్టి, ఒకరి సెషన్‌ని ఇంకొకరికి అందిస్తుంది. చివరగా ‘ఇంజిన్‌ఎక్స్ -టీ’, ఆపైన రీలోడ్, మళ్లీ కొత్త ఇన్‌కాగ్నిటో విండోలో ఒకసారి లాగిన్, ఒకసారి లాగౌట్. లాగౌట్ తర్వాత ఏ అడ్రస్‌కి మళ్లుతోందో కూడా చూడండి. అక్కడ 127.0.0.1 కనబడితే 4వ మెట్టుకి వెనక్కి వెళ్లాలి.